ఏ ఊపిరి ముందు తీయాలి? గో ఆటలో ముట్టడి పోరు, ఎత్తుల వరస

బల్ల మీద ఒక మూల నల్ల గుంపు, దాన్ని ఆనుకునే తెల్ల గుంపు. రెండూ ఒకదాన్నొకటి దిగ్బంధం చేసుకున్నాయి. బయటికి పోయే దారి ఎవరికీ లేదు, నిలదొక్కుకునేందుకు లోపల చోటూ లేదు. ఒకటి బతకాలంటే రెండోది పోవాల్సిందే. నల్ల గుంపుకి బయటివైపు మూడు ఖాళీలున్నాయి, తెల్ల గుంపుకీ మూడే. రెండింటి మధ్య ఇద్దరికీ ఆనుకుని ఇంకో ఖాళీ ఉంది. ఎత్తు నల్లవాడిది. తెల్ల గుంపు బయటి ఖాళీలో రాయి పెడితే నల్లవాడు ఈ పోరు గెలుస్తాడు. అదే రాయి మధ్యనున్న ఖాళీలో పెడితే అతని గుంపు మొత్తం బల్ల మీద నుంచి లేచిపోతుంది. ఆ ఖాళీలో ఎప్పుడో ఒకప్పుడు రాయి పెట్టక తప్పదు. ఎప్పుడు పెట్టాడన్నదాన్ని బట్టే ఫలితం తారుమారవుతుంది.

గో ఆటతో పరిచయం లేనివారి కోసం రెండు మాటలు. చైనాలో వెయ్‌చీ, కొరియాలో బదుక్, జపాన్‌లో ఇగో అని పిలిచే ఈ ఆటను అడ్డంగా 19, నిలువుగా 19 గీతలున్న బల్ల మీద ఆడతారు. మొత్తం 361 కూడళ్లు. ఇద్దరు ఆటగాళ్లు నల్ల రాయి ఒకటి, తెల్ల రాయి ఒకటి వంతులవారీగా పెడతారు. పెట్టిన రాయి ఇక కదలదు. గీతల వెంట దానికి పక్కనున్న ఖాళీ కూడళ్లే దాని ఊపిరి. ఒకే రంగు రాళ్లు పక్కపక్కనే చేరితే ఒక గుంపై ఊపిరి పంచుకుంటాయి. ఆ ఊపిరులన్నీ ఎదుటివాడి రాళ్లతో మూసుకుపోతే గుంపు మొత్తాన్ని తీసేస్తారు. మన పల్లెల్లో అరుగుల మీద గీసుకుని ఆడే పులి-మేకలో మేకలు పులి చుట్టూ చేరి దానికి కదిలే చోటు లేకుండా చేసి గెలుస్తాయి. గోలో పట్టుబడటం దాదాపు అలాంటిదే, కాకపోతే ఇక్కడ ఇరుపక్షాలూ ఒకేసారి పులులూ మేకలూ కూడా.

శత్రువు మామూలుగా రాయి పెట్టలేని, నలువైపులా సొంత రాళ్లతో మూసిన ఖాళీని కన్ను అంటారు. విడివిడిగా రెండు కళ్లున్న గుంపును ఎవరూ చంపలేరు. రెండు కళ్లు లేని గుంపులు రెండు ఎదురుపడి ఎవరు ముందు ఎవరి ఊపిరి తీస్తారా అని పోటీ పడటాన్ని జపాన్‌లో సెమెయాయి, చైనాలో దుయ్‌షా అంటారు. ఈ వ్యాసంలో ముట్టడి పోరు అంటాను. గోలో మిగతా విషయాలన్నింటిలో అంచనా, అభిరుచి, శైలి అనేవి ఉంటాయి. ముట్టడి పోరులో అవేమీ ఉండవు. లెక్క సరిగ్గా వేసి, వరస తప్పకుండా ఆడినవాడు గెలుస్తాడు. అందుకే ఈ ఒక్క ప్రశ్న మీద శతాబ్దాలుగా సామెతలు పుట్టాయి, సమస్యల గ్రంథాలు వచ్చాయి, ఇటీవల గణిత వ్యాసాలూ కంప్యూటర్ ప్రయోగాలూ జరిగాయి. వాటన్నింటినీ కలిపి చూస్తే ఒక సంగతి కనబడుతుంది. అందరూ వరస నేర్పారు, ఆ వరసకు కారణం మాత్రం కొద్దిమందే చెప్పారు.

మొదటి ఉదాహరణనే ఎత్తు ఎత్తుగా చూద్దాం. ఇద్దరికీ బయట మూడు, ఉమ్మడిగా ఒకటి, అంటే చెరి నాలుగు ఊపిరులు. నల్లవాడు బయటి ఊపిరి ఒకటి మూస్తాడు, తెల్ల గుంపుకి మూడు మిగులుతాయి. తెల్లవాడూ బయటి నుంచే మూస్తాడు, నల్ల గుంపుకీ మూడు. మళ్లీ నల్ల, తెల్లకు రెండు. మళ్లీ తెల్ల, నల్లకు రెండు. నల్లవాడు మూడో బయటి ఊపిరి కూడా మూసేసరికి తెల్ల గుంపుకి మిగిలింది ఉమ్మడి ఖాళీ ఒక్కటే. తెల్లవాడు తన మూడో ఎత్తుతో నల్ల గుంపు చివరి బయటి ఊపిరి తీస్తాడు. ఇప్పుడు రెండు గుంపులకీ ఆ ఒక్క ఖాళీయే ఊపిరి, వంతు నల్లవాడిది. అక్కడ రాయి పెట్టగానే తెల్ల గుంపు లేచిపోతుంది. తన ఆఖరి ఊపిరి తానే మూసుకున్నా నల్లవాడికి నష్టం లేదు, శత్రు రాళ్లు తీసేసిన చోటు అతనికి ఊపిరవుతుంది.

ఇప్పుడు వరస మార్చి, మొదటే ఉమ్మడి ఖాళీలో రాయి పెట్టాడనుకుందాం. తెల్ల గుంపుకి మూడు ఊపిరులు మిగిలాయి, నిజమే. నల్లకు కూడా మూడే మిగిలాయి, పైగా వంతు తెల్లవాడికి పోయింది. ఇక ఇద్దరూ ఒక్కొక్కటిగా మూసుకుంటూ పోతే తెల్లవాడి మూడో ఎత్తుకు నల్ల గుంపు పోతుంది. బయటి ఊపిరి మూసినప్పుడు నష్టం ఎదుటివాడికి మాత్రమే. ఉమ్మడి ఊపిరి మూస్తే ఇద్దరికీ సమానంగా నష్టం, ఆపైన వంతు కూడా చేజారుతుంది. "ముందు బయటి ఊపిరి, తర్వాత ఉమ్మడి ఊపిరి" అని చైనా ఆటగాళ్లు తరతరాలుగా పిల్లలకు నేర్పుతున్నది అందుకే.

ఈ సూత్రం ఎంత ఉపయోగమో అంతగా అపార్థానికీ గురైంది. ఉమ్మడి ఊపిరిని ముందు ముట్టుకుంటే ఓటమి ఖాయమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. నల్ల గుంపుకి బయట నాలుగు, తెల్ల గుంపుకి బయట మూడు, ఉమ్మడిగా రెండు ఉన్న పోరు తీసుకోండి, ఎత్తు నల్లవాడిది. అతను మొదటే ఒక ఉమ్మడి ఊపిరి మూసినా గెలుస్తాడు. నల్లకు మొత్తం ఆరు ఐదైంది, తెల్లకు ఐదు నాలుగైంది. తెల్లవాడు ఒకటి మూస్తే చెరి నాలుగు, వంతు మళ్లీ నల్లవాడిది, పోరు అతనిదే. తెల్ల గుంపును చంపాలంటే అతను ఎలాగూ రెండు ఉమ్మడి ఊపిరులూ మూయాలి. రెండోది మూయడంతో తెల్ల రాళ్లు లేచిపోతాయి కాబట్టి అది ఖర్చు కిందికి రాదు. మొదటిది మాత్రం ఎప్పుడు మూసినా అంతే ఖర్చు.

మరి వరసకు విలువ ఎక్కడ? లెక్క అంచున ఉన్నచోట. పై పోరులో నల్ల గుంపుకి బయట నాలుగుకు బదులు మూడే ఉన్నాయనుకోండి. ఇద్దరికీ బయట మూడు, ఉమ్మడిగా రెండు, ఎత్తు నల్లవాడిది. బయటి నుంచి మూసుకుంటూ వస్తే చివరికి రెండు గుంపులకీ ఆ రెండు ఉమ్మడి ఖాళీలే మిగులుతాయి. అక్కడ ఎవరు ముందు రాయి పెడితే వారు చస్తారు, కాబట్టి ఎవరూ పెట్టరు. రెండు గుంపులూ కళ్లు లేకుండానే బతికిపోతాయి. ఈ స్థితిని సెకి అంటారు. నల్లవాడు తొందరపడి మొదటే ఒక ఉమ్మడి ఊపిరి మూస్తే మూడు, మూడు, ఉమ్మడి ఒకటి అనే మొదటి లెక్క మళ్లీ ఏర్పడుతుంది, వంతు తెల్లవాడిది. నల్ల గుంపు పోతుంది. సెకితో దక్కేది కాస్తా వరస తప్పడంతో పోయింది. ఉమ్మడి ఊపిరిని ఆపి ఉంచడమంటే చంపగలనో లేదో తేలేదాకా సెకి అనే దారిని తెరిచి ఉంచుకోవడం. పాఠాల్లో ఈ కారణం చెప్పకుండా ఒట్టి వరస చెప్పడం వల్లనే, నేర్చుకునేవారు లెక్క వేయడం మానేసి వరస వల్లించడంతో సరిపెట్టుకుంటున్నారని నాకనిపిస్తుంది.

కళ్లు లేని గుంపుల మధ్య ఈ లెక్కకు ఒక కట్టుదిట్టమైన రూపం ఉంది. చంపాలనుకునేవాడి బయటి ఊపిరుల సంఖ్యలోంచి ఎదుటివాడి బయటి ఊపిరుల సంఖ్య తీసేయాలి. వంతు తనదైతే, ఆ తేడా ఉమ్మడి ఊపిరుల సంఖ్య కన్నా ఒకటి తక్కువ ఉంటే చాలు, చంపగలడు. ఉమ్మడివి అసలు లేకపోతే సమానంగా ఉన్నా చాలు. వంతు ఎదుటివాడిదైతే ఇంకొకటి ఎక్కువ కావాలి. అంతకంటే తక్కువైతే చంపలేడు, మహా అయితే సెకి. ఉమ్మడి ఊపిరులు పెరిగేకొద్దీ చంపడం కష్టమవుతుంది, సెకి దగ్గరవుతుంది. గుంపు బలహీనంగా ఉన్నవాడికి ఉమ్మడి ఊపిరులే అండ.

ఒక గుంపుకి కన్ను ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. కన్నున్న గుంపు కన్నులేని గుంపును చంపుతుందని చైనాలోనూ జపాన్‌లోనూ సామెత ఉంది. దీని వెనకున్న యంత్రాంగం దగ్గరగా చూడదగ్గది. నల్ల గుంపుకి ఒకే ఖాళీ ఉన్న కన్ను ఒకటి, బయటి ఊపిరి ఏమీ లేదు, ఉమ్మడిగా ఒకటి. తెల్ల గుంపుకి బయట ఒకటి, ఉమ్మడి ఒకటి. చెరి రెండు ఊపిరులు, ఎత్తు తెల్లవాడిది. కళ్లు లేని పోరైతే వంతున్నవాడే గెలవాలి. ఇక్కడ గెలవడు. ఉమ్మడి ఖాళీలో రాయి పెడితే తన గుంపుకి ఒక్క ఊపిరి మిగులుతుంది, నల్లవాడు దాన్ని మూసి మొత్తం తీసేస్తాడు. ఊరుకుంటే నల్లవాడు బయటి ఊపిరి మూస్తాడు. తర్వాత ఉమ్మడి ఖాళీలోకి తెల్లవాడు దిగలేడు, ఎందుకంటే నల్ల గుంపుకి లోపల కన్ను ఉంది, తన గుంపుకి మాత్రం ఊపిరి సున్నా అవుతుంది.

అంటే కన్నున్నవాడికి ఉమ్మడి ఊపిరులన్నీ సొంతమవుతాయి, కన్ను లేనివాడికి అవి లెక్కలోకే రావు. కన్ను లేనివాడు గెలవాలంటే అతని బయటి ఊపిరులు ఒక్కటే ఎదుటివాడి బయటివి, ఉమ్మడివి, కన్ను అన్నీ కలిపిన దానికి సరితూగాలి. పై ఉదాహరణలో తెల్ల గుంపుకి బయట ఇంకొక్క ఊపిరి ఉండి ఎత్తు తనదైతే, ఉమ్మడి ఖాళీ మూసి, మరుసటి ఎత్తుతో కన్నులోనే రాయి పెట్టి గెలిచేవాడు. బయటి ఊపిరి పుష్కలంగా ఉంటే కన్నునూ చంపవచ్చని చైనాలో రెండో సామెత పుట్టింది ఇందుకే. మొదటి సామెతను పట్టుకుని రెండోది మరిచిపోయినవారు చాలా ఆటలు పోగొట్టుకుంటారు.

కన్ను పెద్దదయ్యేకొద్దీ వ్యవహారం ఇంకా రంజుగా ఉంటుంది. లోపల నాలుగు ఖాళీలున్న కన్ను నాలుగు ఊపిరులకు సమానమని కొత్తవారు అనుకుంటారు. నిజానికి అది ఐదు. ఐదు ఖాళీల కన్నుకి ఎనిమిది, ఆరు ఖాళీల కన్నుకి పన్నెండు. చైనా పిల్లలు మూడుకి మూడు, నాలుగుకి ఐదు, ఐదుకి ఎనిమిది, ఆరుకి పన్నెండు అని ఎక్కంలా కంఠస్థం చేస్తారు. ఎక్కం ఎలా వచ్చిందో తెలిస్తే మరిచిపోవడం కష్టం. మూడు ఖాళీల కన్నులో దాడి చేసేవాడు రెండు రాళ్లు పెట్టాక కన్నున్నవాడు మిగిలిన ఖాళీలో రాయి పెట్టి ఆ రెండింటినీ తీసుకుంటాడు. రెండు ఖాళీలు మిగులుతాయి, అవి రెండు ఊపిరులు. దాడి చేసినవాడి రెండు ఎత్తుల్లోంచి కన్నున్నవాడు వాడిన ఒక ఎత్తు తీసేసి, ఆ రెండు కలిపితే మూడు. నాలుగు ఖాళీల్లో మూడు రాళ్లు పెట్టాలి, ఒక ఎత్తు పోతుంది, మూడు ఖాళీల కన్ను మిగులుతుంది, దానికి మూడు. మొత్తం ఐదు. ఐదు ఖాళీల్లో నాలుగు, ఒకటి పోగా మూడు, మిగిలిన నాలుగు ఖాళీల కన్నుకి ఐదు, మొత్తం ఎనిమిది. ఆరుకీ ఇదే దారి. దాడి రాళ్లు లోపల ఇప్పటికే ఉంటే అన్ని తగ్గించి లెక్కపెట్టాలి.

ఇరువైపులా కళ్లున్నప్పుడు పెద్ద కన్ను చిన్న కన్నును చంపుతుంది, ఉమ్మడి ఊపిరులు పెద్ద కన్నువాడి ఖాతాలో పడతాయి. ఒకటి, రెండు, మూడు ఖాళీల కళ్లను మాత్రం ఒకే తరగతిగా చూడాలి, వాటి మధ్య పెద్దాచిన్నా లేదు. సమాన తరగతి కళ్లయితే మళ్లీ సెకికి అవకాశం వస్తుంది. ఈ భాగం పుస్తకాల్లో బాగానే ఉంది కాబట్టి ఇక్కడితో వదిలేస్తాను.

వరస గురించి మాట్లాడేటప్పుడు చాలా వ్యాసాలు మూసే ఎత్తుల దగ్గరే ఆగిపోతాయి. అసలు ఆటలో ముట్టడి పోరు చాలాసార్లు అంతకుముందే, ఊపిరి పెంచుకునే దశలోనో ఎదుటివాడి ఊపిరిని బిగించే దశలోనో తేలిపోతుంది. బిగింపు ఎత్తుల్లో వరస తప్పితే పరిహారమే లేదు. ఎదుటివాడి గుంపు గొంతులో ఒక రాయి బలిచ్చి, వాడు దాన్ని తీసుకున్నాక బయటి నుంచి అటారి (గుంపుకి ఒక్క ఊపిరే మిగిల్చే ఎత్తు) పెట్టి, వాడు కలుపుకునేలా చేస్తే ఆ గుంపు ముద్దగా మారి ఊపిరి లేకుండా పోతుంది. ఇలాంటి బిగింపుల్లో ఒకదానికి జపాన్‌లో రాతి గోపురం బిగింపు అని పేరు. అదే అటారి ముందు పెట్టి, తర్వాత రాయి బలివ్వాలనుకుంటే వాడు కలిపేసుకుంటాడు, బలి ఇచ్చే చోటే ఉండదు. బల్ల అంచు దగ్గర సంగతీ అంతే. అంచు గీత దాకా దిగిన రాయికి ఇరువైపులా శత్రువు రాయి పెట్టలేని స్థితి వస్తే, దాన్ని చైనాలో ఒంటికాలి మీద నిలబడ్డ బంగారు కోడి అంటారు. అంచున ఇరువైపులా వంగి ఎత్తు వేసుకోగలిగితే ఒక ఊపిరి అదనంగా దొరుకుతుందన్న సామెత కూడా అంచులోంచే వచ్చింది. ఇలాంటి ఎత్తులు ఊపిరి మూసే పని మొదలుపెట్టకముందే ఆడుకోవాలి. మూసే ఎత్తు ఒక ఊపిరి తీస్తుంది, పెంచే ఎత్తు ఒక్కోసారి రెండు మూడు ఊపిరులు తెస్తుంది.

కొన్ని ఊపిరులను నేరుగా మూయడం కుదరదు. అక్కడ రాయి పెడితే దాన్నే ముందు తీసేస్తారు. అలాంటిచోట ముందు ఒక అతుకు ఎత్తు వేసి, ఆ తర్వాతే మూయాలి. లెక్కలో ఆ ఊపిరిని రెండుగా చూడాలి. ఇది మరిచిపోయి ఒకటిగా లెక్కపెట్టడమే మామూలు ఆటగాళ్ల పోరుల్లో ఎక్కువగా జరిగే పొరపాటని నా అభిప్రాయం.

కో ఉన్న పోరుల్లో వరస మరీ కఠినం. కో అంటే ఒకరి రాయిని ఒకరు మార్చి మార్చి తీసుకునే చోటు. వెంటనే తిరిగి తీసుకోకూడదన్న నియమం ఉంది కాబట్టి, తీసుకోవాలంటే ముందు బల్ల మీద ఇంకెక్కడైనా ఒక బెదిరింపు ఎత్తు వేయాలి. ఎదుటివాడి ఊపిరుల్లో ఒకటి కో అయితే, ఆ కోను చివరికి తీసుకోవాలన్నది పాత సూత్రం. మిగతా ఊపిరులు మూయకుండా ముందే కో తీసుకుంటే ఎదుటివాడు బెదిరింపు వెతుక్కోనక్కర్లేదు, తాపీగా మన ఊపిరి మూస్తూ పోతాడు. తర్వాత తనకు అనుకూలమైన సమయం చూసి కోను తిరిగి పట్టుకుంటే బెదిరింపులు వెతుక్కోవలసినవాడు మనమే. మిగతా అన్నీ మూసి, కో ఒక్కటే ఊపిరిగా మిగిలినప్పుడు తీసుకుంటే మొదటి బెదిరింపు భారం ఎదుటివాడి నెత్తిన పడుతుంది.

ఇన్ని వరసల తర్వాత అసలు ఆడకపోవడం గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే బోధనలో అన్నిటికన్నా నిర్లక్ష్యానికి గురైంది అదే. బయట మూడేసి, ఉమ్మడి రెండు ఉన్న పోరు సెకిగా ముగుస్తుందని చూశాం. అక్కడ ఎవరూ ముందు కదలనక్కర్లేదు. ఒకడు మూస్తే రెండోవాడు జవాబిస్తే చాలు. ఓడిపోయిన పోరులో ఊపిరి మూస్తూ పోవడం ఇంకా నష్టం. ఎదుటివాడు జవాబివ్వక తప్పని ప్రతి మూత రేపటి కో పోరాటానికి దాచుకోదగ్గ బెదిరింపు. పోరు తేలిపోయాక కూడా ఆడుతూ పోతే ఆ నిల్వ మొత్తం ఖర్చయిపోతుంది. గెలిచినవాడికీ ఇదే వర్తిస్తుంది. రెండు ఎత్తుల ముందంజలో ఉన్న పోరును ముట్టుకోకుండా వదిలి, ఆ ఎత్తు బల్ల మీద ఇంకో పెద్ద చోట వేయడమే లాభం. జపాన్ నిబంధనల ప్రకారం తేలిపోయిన పోరులో అనవసరంగా సొంత చోట రాయి పెడితే ఒక పాయింటు కూడా పోతుంది. చైనా నిబంధనల్లో ఆ పాయింటు పోదు, బెదిరింపు మాత్రం పోతుంది.

ఈ జ్ఞానం ఎక్కడ పోగుపడిందని చూస్తే, మొదట సమస్యల గ్రంథాల్లో. 14వ శతాబ్దపు చైనా గ్రంథం షువాన్‌షువాన్ చీజింగ్‌లో బిగింపులూ పోరులూ సమస్యల రూపంలో కనిపిస్తాయి. వాటిలో సూత్రాలు తక్కువ, ఆశ్చర్యకరమైన ఎత్తులు ఎక్కువ. చదివినవాడు వరసను తానే కనుక్కోవాలి. ఈ సంప్రదాయానికి శిఖరం జపాన్‌లో 1713లో ఇనోవే దోసెత్సు ఇన్‌సెకి కూర్చిన ఇగో హత్సుయోరోన్. ఇనోవే ఇంటి శిష్యుల కోసం కట్టిన ఆ గ్రంథంలోని 120వ సమస్య లోకంలోకెల్లా కష్టమైన గో సమస్యగా పేరు పొందింది. బల్ల మొత్తం పరుచుకున్న ఒక బ్రహ్మాండమైన ముట్టడి పోరు దాని గుండెకాయ. ఒక మూలలో వేసిన ఎత్తు బల్ల అవతలి పోరులో ఊపిరి లెక్కను మారుస్తుంది. వృత్తి ఆటగాళ్లే తలపట్టుకున్న ఆ సమస్య మీద థామస్ రెడెకర్ తదితర ఔత్సాహిక ఆటగాళ్లు ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. 2019లో కటాగో అనే ప్రోగ్రామ్ కర్త డేవిడ్ వూ తన ప్రోగ్రామ్‌కి ఆ ఒక్క సమస్య కోసమే ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి చూశాడు. మూడు వందల ఏళ్ల కిందట చేత్తో కూర్చిన ఒక పోరు కోసం యంత్రానికి వేరే బడి పెట్టవలసి వచ్చిందంటే దోసెత్సు ఎంత లోతుకు వెళ్లాడో ఊహించుకోవచ్చు.

సూత్రాలను విడదీసి, ఒక క్రమశాస్త్రంగా రాసే పని మాత్రం ఎక్కువగా పడమటివాళ్లు చేశారు. బ్రిటిష్ గో జర్నల్‌లో వ్యాసాలు రాసిన రిచర్డ్ హంటర్ 2003లో ఊపిరుల లెక్కింపు మీదే ఒక పూర్తి పుస్తకం వెలువరించాడు. పోరులను కళ్లను బట్టి రకాలుగా విడదీశాడు. చంపగల స్థితిలో ఉన్నవాడు ఒకడు, మహా అయితే సెకి దక్కించుకోగలవాడు ఒకడు అని ఇద్దరి పాత్రలనూ వేరు చేశాడు. ఇది చిన్న విషయంలా కనబడుతుంది, ఆలోచనను మాత్రం పూర్తిగా మార్చేస్తుంది. ఎవరు గెలుస్తారని అడిగే బదులు, ఇక్కడ ఎవరికి చంపే అవకాశం ఉంది, ఎవరికి సెకి చాలు అని అడగడం మొదలుపెడితే వరస దానంతటదే తెలుస్తుంది. ఈ ప్రశ్న మీద వచ్చినవాటిలో నేర్చుకునేవారికి నేను మొదట చెప్పేది ఈ పుస్తకమే.

మార్టిన్ మ్యూలర్ 1999లో రాసిన పరిశోధన వ్యాసం కంప్యూటర్ వైపు నుంచి వచ్చింది. పోరులను సంక్లిష్టతను బట్టి తరగతులుగా పేర్చి, సరళమైన తరగతుల్లో ఎత్తులు వెతకకుండా లెక్కతోనే ఫలితం చెప్పవచ్చని చూపాడు. ఎక్కడి దాకా సూత్రం పనిచేస్తుంది, ఎక్కడి నుంచి ఎత్తు ఎత్తుగా చదవాలి అన్న సరిహద్దు గీయడం ఆ వ్యాసంలో నాకు బాగా నచ్చిన సంగతి. జపాన్‌కు చెందిన తెయిగో నకమురా ఇంకో అడుగు వేశాడు. కాంబినేటోరియల్ గేమ్ సిద్ధాంతాన్ని ఊపిరి లెక్కకు అన్వయించి, ఊపిరి పెంచుకునేందుకో తీసేందుకో ఇద్దరికీ అవకాశమున్న చోట ఆ విలువ ఎప్పుడూ పూర్ణ సంఖ్యే కానక్కర్లేదని చూపాడు. అంచు దగ్గరి చిక్కు పోరుల్లో ఏ ఎత్తు ముందు వేయాలన్నది ఆ విలువల పోలికతో తేలుతుంది. ఆటగాడు బల్ల ముందు కూర్చుని ఇలా లెక్కకట్టలేడు. కానీ పై ఎత్తుల్లో ఏది ముందన్న ప్రశ్నకు సామెతలు మూగబోయిన చోట ఇది జవాబు చెబుతుంది.

యంత్రాల కథలో ముట్టడి పోరుకి పెద్ద పాత్రే ఉంది. 2006 తర్వాత గో ప్రోగ్రామ్‌లను మార్చేసిన మాంటే కార్లో పద్ధతి ఒక స్థితి నుంచి ఆటను వేలసార్లు చివరిదాకా యాదృచ్ఛికంగా ఆడి, ఎవరు ఎక్కువసార్లు గెలిచారో చూస్తుంది. ముట్టడి పోరులో అది తడబడేది. సరైన వరస ఒకటే ఉన్నచోట యాదృచ్ఛికంగా ఆడితే చచ్చిన గుంపు కూడా చాలాసార్లు బతికి బయటపడుతుంది, సగటు తీస్తే పోరు ఇంకా తేలనట్టే కనబడుతుంది. 2013లో షిచీ హువాంగ్, మ్యూలర్ కలిసి రాసిన వ్యాసం సెకి లాంటి స్థితుల్లో ఈ పద్ధతి పరిమితులను పరీక్షించి చూపింది. మూడేళ్లకు, 2016 మార్చిలో సోల్‌లో కొరియా వృత్తి ఆటగాడు లీ సెడోల్‌కి ఎదురుగా కూర్చుని ఆల్ఫాగో అనే ప్రోగ్రామ్ తరఫున రాళ్లు పెట్టింది ఇదే హువాంగ్. ఆల్ఫాగో 4–1తో గెలిచింది. ఆ ప్రోగ్రామ్‌కి బల్లను చూపేటప్పుడు ప్రతి గుంపుకీ ఎన్ని ఊపిరులున్నాయో మనుషులే లెక్కపెట్టి అందించారు. 2017లో వచ్చిన ఆల్ఫాగో జీరోకి ఆ సాయం తీసేశారు, రాళ్ల స్థానాలు మాత్రమే ఇచ్చారు, ఊపిరి లెక్క అదే నేర్చుకోవాలి. కటాగోలో మళ్లీ కొంత ఊపిరి సమాచారం చేర్చారు.

మనిషిని మించిన ఆ ప్రోగ్రామ్‌లు ఊపిరి లెక్కలోనే దొరికిపోవడం తర్వాతి మలుపు. టోనీ వాంగ్, ఆడమ్ గ్లీవ్ తదితరుల బృందం కటాగో మీద దాడి చేసే మరో ప్రోగ్రామ్‌ను తయారుచేసింది. అది 97 శాతానికి పైగా ఆటలు గెలిచింది. దాని ఎత్తుగడ కటాగో రాళ్లను ఒక చిన్న గుంపు చుట్టూ వలయంగా కట్టుకునేలా చేసి, ఆ వలయాన్ని బయటి నుంచి మెల్లగా చుట్టేయడం. వలయం గుంపుకి ఊపిరులు తగ్గిపోతున్నాయని కటాగోకి తెలిసేసరికి చాలా ఆలస్యమయ్యేది. గట్టి ఆటగాడు ఒక్క చూపులో పసిగట్టే ప్రమాదం అది. 2023లో అమెరికాకు చెందిన ఔత్సాహిక ఆటగాడు కెలిన్ పెల్రిన్ ఈ ఎత్తుగడ నేర్చుకుని, ఆడేటప్పుడు కంప్యూటర్ సాయమేమీ లేకుండా యంత్రం మీద 15 ఆటల్లో 14 గెలిచాడు. ప్రోగ్రామ్‌లోని న్యూరల్ నెట్‌వర్క్ ఊపిరి సమాచారాన్ని రాయి నుంచి పక్క రాయికి అందించుకుంటూ పోతుందనీ, వలయంలో ఆ సమాచారం తిరిగి మొదటికి వచ్చి లెక్క తప్పుతుందనీ ఒక వివరణ ఉంది. అదే నిజమైతే, యంత్రానికి ఊపిరి అనే భావన అర్థం కాలేదు, మామూలు ఆకారాల్లో సరిపోయే ఒక అంచనా మాత్రమే అబ్బింది.

వలయం గుంపుల మీద ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి ఈ లోపాన్ని పూడ్చే ప్రయత్నాలు జరిగాయి. 2024లో అదే వర్గపు పరిశోధకులు, అలా గట్టిపరచిన ప్రోగ్రామ్‌లను కూడా కొత్త దాడులు ఓడించగలుగుతున్నాయని చూపారు. రెండు గుంపులు, బయటి ఊపిరులు, ఉమ్మడి ఊపిరులు, కళ్లు, వంతు ఎవరిది అనే ఐదు సంగతులు వేళ్ల మీద లెక్కపెట్టి పసివాడు కూడా తేల్చగల పోరును, ఆకారం కొంచెం మారగానే యంత్రం తప్పుగా చదువుతోంది. వేగం పెంచినా, శిక్షణ పెంచినా ఈ లోటు పూర్తిగా తీరలేదు. మ్యూలర్ 1999లో గీసిన సరిహద్దు దగ్గరికే పరిశోధన మళ్లీ వచ్చి నిలబడింది. ఏ పోరులో లెక్క చాలు, ఏ పోరులో ఎత్తు ఎత్తుగా చదివి తీరాలి అన్నది యంత్రం తనంతట తాను గుర్తించగలదా అన్నదే ఇప్పుడు అక్కడ తేలాల్సిన ప్రశ్న.